కోతలకు ముందే టీడీ వేయించండి

రసాల మామిడి కోతలు మొదలైతే ఆగిరిపల్లి తోటల్లో గాయాలూ మొదలవుతాయి. ఎండుపుల్ల గుచ్చుకుంటుంది, కత్తి జారుతుంది, కంచె ముల్లు కాల్లో దిగుతుంది. పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టి మళ్లీ చెట్టెక్కుతారు. నేను ఏఎన్ఎంగా ఈ ఊళ్లలో తిరిగినదాన్ని. ధనుర్వాతం రాకుండా టీటీ టీకా వేయించుకోమంటే మగవాళ్లది ఒకటే మాట: “మట్టిలో పెరిగిన ఒళ్లమ్మా, మాకేం కాదు!”

కొన్ని జబ్బులకు ఆ మాట చెల్లుతుంది. తట్టు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు. ధనుర్వాతం అలా కాదు, చావు తప్పి బయటపడ్డవాళ్లకూ మళ్లీ రావచ్చు. ధనుర్వాతం తెచ్చే క్రిమి వదిలే విషం ప్రాణం తీసేంత మోతాదులో ఉన్నా, మన రోగనిరోధక వ్యవస్థ పసిగట్టలేనంత తక్కువ. అందుకే కోలుకున్న రోగికీ టీకా వేయాల్సిందే.

టీకాలో ఉండేది అదే విషం. ఫార్మలిన్‌తో దాని కోరలు పీకి, శరీరం గుర్తుపట్టేంత మోతాదులో ఇస్తారు. 1920లలో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త గాస్టన్ రామోన్ చూపిన దారి ఇది. కోరలు పీకిన ఆ విషాన్ని చూసి మన ఒళ్లు యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవి తగ్గుతాయి కనుకే పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి.

గర్భిణులకు మేం ఓపిగ్గా వేసిన సూదులు వృథా పోలేదు. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డను కాచాయి. కాన్పులు ఆసుపత్రులకు మారడమూ తోడై, తల్లులకూ పురిటిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని 2015లో దేశం దాదాపు నిర్మూలించగలిగింది. మగవాళ్ల సంగతి వేరు. ప్రభుత్వ టీకాల పట్టికలో వాళ్లకు 10, 16 ఏళ్లకు, టీటీకి బదులుగా వచ్చిన టీడీ ఉంది, ఆపైన గాయమైతే తప్ప అడిగేవాళ్లు లేరు. ఈ క్రిమి మనిషి నుంచి మనిషికి రాదు, మట్టిలో, పశువుల ఎరువులో ఏళ్లకేళ్లు బతుకుతుంది. పక్కవాడు వేయించుకుంటే వాడికే రక్షణ, మనకు కాదు.

పూత మీద మందు కొట్టడానికి వేలు పోసే తోట యజమానులను, కాపు కొనే వ్యాపారులను నేను అడిగేది ఇదే: కూలీలను పనికి పిలిచే ముందు టీకా వేయించండి. ఆరోగ్య శాఖ కూడా తోటల దగ్గరికే రావాలి. ఇప్పుడిచ్చే టీడీతో కంఠసర్పి నుంచీ రక్షణ దొరుకుతుంది. అసలెప్పుడూ వేయించుకోనివాళ్లకు సంక్రాంతి వెళ్లగానే ఒకటి, నెల తర్వాత రెండోది వేస్తే కోతల నాటికి సిద్ధంగా ఉంటారు. ఆ తర్వాత ఆరు నెలలకు మూడోది.