భోజనానంతరపు కడుపుమంట



కడుపుమంట యను మాట మనలో అసూయకు పేరై నిలిచినది. అందుచేతనో యేమో, నిజమైన మంటను సయితము మన స్త్రీలు బయట పెట్టుటకు వెనుదీయుదురు.

మా అత్తగారు మూడు నెలలు దాచిరి. తినిన కొంతసేపటికి రొమ్ముటెముక క్రింద నిప్పు పెట్టినట్లుండెడిదట. వారు అందరి తరువాత భుజింతురు గనుక, విస్తరిలో అన్నము మిగులుట మేమెవ్వరమును చూడలేదు. ఆవకాయ మానివేసి, చల్ల త్రాగి, వేడిచేసినదని సరిపెట్టుకొనిరి. ఒకనాడు మలము తారువలె నల్లనై, కన్నులు తిరిగి వంటయింట కూలబడిరి. మోకాళ్ల నొప్పికై అంగడిలో కొని దినదినము మ్రింగిన మాత్రలవలన జీర్ణాశయమున పుండు పడినదని వైద్యురాలు తేల్చెను. పాపము, ఆవకాయ నిర్దోషి!

మాధవనిదానము ఆమ్లపిత్తమును, పరిణామశూలను వేర్వేరుగా వర్ణించినది. నొప్పి యొక్కచోటనే యున్నను మూలములు పెక్కులు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి మాత్రలు ఒక కారణము. హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవి మరియొకటి. దీనిని 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అను వైద్యులు కనుగొని, 2005లో నోబెల్ బహుమానము పొందిరి. శ్వాసపరీక్షచేతగాని మలపరీక్షచేతగాని దీనిని గుర్తించి, సాధారణముగా 14 దినముల మందులతో నిర్మూలింతురు. పుల్లని త్రేనుపులతో గొంతువరకు ప్రాకు మంట ఆమ్లము పైకెగయుటవలన కలుగును. నూనెవంటల పిమ్మట కుడిప్రక్కనుండి వీపునకు పోవు నొప్పి పిత్తాశయపు రాళ్లవలన కావచ్చును. పుండు లేకయే వచ్చు మంటయు కలదు.

కావున మంట మాటిమాటికి వచ్చుచున్నచో వైద్యునికి చూపుడు. మ్రింగుచున్న మాత్రలన్నియు చెప్పుడు. గుండెజబ్బునకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రము మీయంతట మానకుడు. నల్లని మలము, రక్తపు వాంతి కనబడినచో ఆ పూటయే ఆసుపత్రికి పోవలెను. మ్రింగుట కష్టమైనను, అకారణముగా శరీరము చిక్కినను ఆలస్యము తగదు. మంటతోపాటు చెమటలు, ఆయాసము, దవడకో చేతికో ప్రాకు నొప్పి యున్నచో అది గుండెపోటు కావచ్చును. క్షణమైన జాగు చేయరాదు.

మా అత్తగారు కోలుకొనిరి. ఇప్పుడు మేమిద్దరము ఒక్కసారే విస్తళ్లు వేసికొందుము. మీ యింట కడపట భుజించువారెవరో, ఈ రాత్రి వారి ప్రక్కన కూర్చుండి యొక్కమాట అడుగుడు.