మందు కొట్టే ముందు పురుగును చూద్దాం

కోనసీమ రైతులకు, జువాలజీ మాస్టార్లకు, కాలేజీ యాజమాన్యాలకు, చదువుకుంటున్న పిల్లలకు విన్నపం

సార్వా చేలు పొట్ట మీదున్న రోజుల్లో ట్యూబులైటు కిందకి ఒక సన్నటి పురుగు వస్తుంది. ఒళ్లు నారింజ రంగు, తల నలుపు, తోక కొస నలుపు, నడుం మీద నీలంగా మెరిసే పొట్టి రెక్కలు. చూడ్డానికి పొడుగుపాటి చీమలా ఉంటుంది. మెడ మీద పాకితే చటుక్కున నలిపేస్తాం. మర్నాటికో ఆ మర్నాటికో అక్కడ గీత గీసినట్టు ఎర్రగా కాలి బొబ్బలెక్కుతుంది. యాసిడ్ పురుగు కుట్టిందని ఊరంతా చెప్పుకుంటాం.

అది కుట్టదు, కరవదు. దాని ఒంట్లోని రసంలో పెడెరిన్ అనే విషం ఉంది. మనం నలిపితేనే అది చర్మానికి అంటుతుంది. ఆ విషాన్ని తయారుచేసేది కూడా పురుగు కాదు, ఆడపురుగు ఒంట్లో కాపురముండే బాక్టీరియా. ఒంటి మీద వాలితే ఉఫ్ మని ఊదేయండి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నులుముకోకండి. పడుకునే ముందు మంచం పక్కన లైటు ఆర్పేస్తే సగం బాధ తప్పుతుంది. దీని శాస్త్రీయ నామం పెడెరస్ ఫుస్సిపెస్. రోవ్ బీటిల్స్ అనే పెద్ద కుటుంబంలో ఇదొకటి.

ఇక రెండో సంగతి. ఇదే పురుగు పగలంతా వరి దుబ్బుల మధ్య తిరుగుతూ సుడిదోమ పిల్లల్ని, పచ్చదోమల్ని, చిన్న చిన్న గొంగళి పురుగులను పట్టి తింటుంది. జీతం అడగని కాపలాదారు. లైటు కింద దీన్ని చూసి భయపడి, మర్నాడు మందుల కొట్లో ఏదిస్తే అది తెచ్చి చేలో కొట్టేవాళ్లున్నారు. దాంతో ముందు చచ్చేది ఇదీ, దోమల్ని తినే సాలీళ్లూ, మిరిడ్ నల్లులూను. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగుల లోపల ఉంటాయి కాబట్టి మిగిలిపోతాయి. పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు లేడు. పైరిత్రాయిడ్ మందులు ఎక్కువగా వాడిన చోట సుడిదోమ తగ్గకపోగా మరింత విరుచుకుపడటం వరి పండించే చాలా దేశాలు చూసిందే. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందులను ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. తర్వాత రైతులకు చేలోనే పురుగుల పాఠాలు మొదలుపెట్టింది. మన దగ్గర పొలంబడి అంటున్నది ఆ దారిలో పుట్టిందే.

పెట్టుబడి గిట్టక 2011లో సాగే మానేసి పంట విరామం ప్రకటించిన నేల ఇది. అనవసరంగా కొట్టిన ఒక్కో మందు ఖర్చు ఎంతో ఇక్కడ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

అయితే చేలో కనిపించే పొట్టి రెక్కల పురుగులన్నీ బొబ్బలెక్కించేవి కావు. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 60,000కు పైగా జాతులున్నాయి. చాలామటుకు బాగా చిన్నవి, మనిషికి ఏ హానీ చెయ్యనివి. పేడకుప్పలో ఈగ పిల్లల్ని తినేవి కొన్ని, ఆకుల మీద ఎర్రనల్లిని తినేవి కొన్ని, కాలవ గట్టు తడిలో తిరిగేవి కొన్ని. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన మాల్కమ్ కామెరాన్ 1930 నుంచి 1939 దాకా మన దేశపు రోవ్ బీటిల్స్ మీద సంపుటాల మీద సంపుటాలు రాశాడు. మన చేల గట్ల మీద, కొబ్బరి పీచు కుప్పల కింద, లంకల ఇసకలో ఏవున్నాయో ఊరివారీగా రాసిపెట్టుకునే పని మాత్రం మనదే. దాన్ని ఇంకొకరొచ్చి చేసిపెట్టరు.

ఎలా చూడాలంటారా? చేత్తో పట్టకండి. తడిపిన పెయింటు బ్రష్షు కొసతో తీసి, మందుల షాపులో దొరికే స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వెయ్యండి. తేదీ, ఊరు, ఏ చేలో దొరికిందో పెన్సిల్‌తో చీటీ మీద రాసి ఆ సీసాలోనే పడెయ్యండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. చూసేటప్పుడు సీసామూతలో చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ కొంచెం వేసి, పురుగును అందులో దించితే అది కదలకుండా నిలబడుతుంది. సూదితో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. వెలుగు కింది నుంచి కాదు, పక్క నుంచీ పై నుంచీ రావాలి. ఒక టేబుల్ ల్యాంపు చాలు.

అప్పుడు కాలి కొసన కణుపులు లెక్కపెట్టండి. పెడెరస్‌కు ఒక్కో కాలికి అయిదేసి ఉంటాయి, నాలుగో కణుపు రెండుగా చీలినట్టుంటుంది. నల్లిని తినే ఒలిగోటాకు ఒక్కో కాలికి నాలుగే, మీసంలో పది కణుపులు. అదసలు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ప్రాణి. తలంతా కళ్లే అన్నట్టుంటే అది స్టీనస్, కింది పెదవిని బాణంలా ముందుకు విసిరి వేటాడుతుంది. ఒక్కసారి ఇవి చూసిన కుర్రాడు మళ్లీ జన్మలో కనపడ్డ పురుగునల్లా చెప్పుతో కొట్టడు. కచ్చితమైన జాతి పేరు తేలాలంటే మగపురుగు జననాంగం విప్పి చూడాలి, అది నిపుణుల పని. అలాంటి సీసాలు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దాకా వెళ్లాలి. ఇది ఏ గుంపుదో, బొబ్బలెక్కించేదా కాదా అన్నంతవరకు మనమే తేల్చుకోగలం.

ఇప్పుడు అసలు అడిగేది. ఇందుకు కావలసిన డిసెక్షన్ మైక్రోస్కోపులు జువాలజీ చెప్పే కాలేజీల్లోనే ఉంటాయి. 2014లో యూజీసీ జంతువులను కోసే ప్రాక్టికల్స్ వద్దన్నాక వాటికి పని బాగా తగ్గింది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో జువాలజీ చెప్పే కాలేజీలు నెలకో ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ గది తాళం తియ్యాలి. ఊళ్లోని రైతు సీసా పట్టుకొస్తే ఒక మాస్టారు, ఇద్దరు విద్యార్థులు కూర్చుని చూడాలి, రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు నకలు రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి. పొలంబడి పెట్టినప్పుడు దోమల లెక్కతో పాటు ఈ పురుగుల లెక్కా రాయాలి. ఎన్ని దుబ్బులు చూశారు, ఎన్ని దోమలున్నాయి, తినేవి ఎన్నున్నాయి అన్నది కాగితం మీద పడ్డాకే మందు సలహా రావాలి.

మైక్రోస్కోపు పాడైపోతే ఎవరు బాధ్యులంటారు కాలేజీవాళ్లు. బీరువాలో బూజుపట్టి పాడవడానికి ఎవరు బాధ్యులో ముందు చెప్పాలి కదండీ. మా పిల్లలకు ఉద్యోగాలు లేక ఏడుస్తుంటే పురుగులు చూసుకోమంటారా అని పెద్దలు అడుగుతారు. ఉద్యోగం వస్తుందని మేము చెప్పడం లేదు. చేనును చూడటం వచ్చిన మనిషి ఊరికొకడు ఉండాలంటున్నాం. కొబ్బరి మీద తెల్లదోమ విరుచుకుపడ్డప్పుడు అంబాజీపేట పరిశోధన కేంద్రం మిత్ర పురుగులను పెంచి ఇస్తే తెచ్చుకుని తోటల్లో వదిలినవాళ్లమే మనం. వరిచేలో అవి ఊరకే ఉన్నాయి, గుర్తుపట్టడమే మిగిలింది.

ఈ సార్వాకు నాట్లు అయ్యేలోగా మీ ఊరి గ్రామసభలో ఈ మాట తీర్మానంగా పెట్టించండి. మీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా విన్నవించండి. దగ్గర్లో మైక్రోస్కోపు లేని ఊళ్లవాళ్లు పది రెట్లు చూపే భూతద్దంతోనే మొదలుపెట్టి, సీసాలు నింపుతూ ఉండండి.