రుద్రమ అడగని ప్రశ్నలు

ఓరుగల్లును ఏలిన రుద్రమదేవిని శాసనాలు చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురినే వారసురాలిగా నిలిపాడు. కొందరు సామంతులు ఎదురుతిరిగినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఆమె మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం నమోదు చేసింది. కత్తి పట్టిన మహారాణి మన పిల్లలకు తెలుసు. ‘నాకు మగపేరెందుకు నాన్నా?’ అని నిలదీసే పన్నెండేళ్ల రుద్రమను కూడా వాళ్లకు చూపించాలి. శాసనాలు చెప్పని ఆ బాల్యాన్ని ఊహించడం కథకుల బాధ్యత. పాలకుర్తిలో తన చేని పంటను దొర గడీకి పోనివ్వని చాకలి ఐలమ్మకూ ఒక బాల్యముంది. ఆడపిల్లలు ‘ఎందుకు?’ అని అడిగే చారిత్రక కథలకే ఈ సంచికను కేటాయించాం. మీ అమ్మాయిలతో చదివించండి, అబ్బాయిలతో తప్పకుండా చదివించండి.