పటంలో ఉన్న సిపాయి పేరు రాసి పెట్టారా?

కొన్ని ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కనో, నడవ గోడకో మిలిటరీ దుస్తుల్లో నిలబడ్డ మనిషి ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. వెనకాల బొమ్మలు వేసిన తెర, పక్కన పూలకుండీ పెట్టిన చిన్న బల్ల, కుర్చీ మీద ఆనించిన చెయ్యి. "ఎవరమ్మా ఈయన?" అని అడిగితే, "మా తాత తమ్ముడంట, యుద్ధానికి పోయినాడంట" అంటారు. పేరడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ వారం ఆ ఫొటో సంగతే మాట్లాడుకుందాం.

1914-18 యుద్ధంలో మన దేశం నుంచి దాదాపు 13 లక్షల మంది పనిచేశారు. 1939-45 యుద్ధం ముగిసే నాటికి సైన్యంలో ఉన్నవాళ్ళు 25 లక్షల పైమాటే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి రెండు యుద్ధాలకూ ఎంతమంది వెళ్ళారంటే, ఆ ఊరికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. మన గుడిబండ, మడకశిర వాళ్ళకి బెంగుళూరు దగ్గర. దక్షిణాది సిపాయిలకు శిక్షణ ఇచ్చే మద్రాస్ ఇంజనీర్ గ్రూపు ఉన్నది అక్కడే.

ఓడ ఎక్కేముందో, సెలవు అయిపోయేముందో సిపాయి స్టూడియోకి వెళ్ళి ఫొటో తీయించుకునేవాడు. ఎవరి కోసమంటారా? ఇంట్లో ఉన్న తల్లి కోసం, పెళ్ళాం కోసం. చదువు రాని ఆడవాళ్ళు ఉత్తరం వస్తే ఇంకొకరి చేత చదివించుకోవాలి. ఫొటో చూసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు కదా!

ఫ్రాన్సులో విన్యాకూర్ అనే పల్లె ఉంది. మొదటి యుద్ధంలో అక్కడ లూయీ, ఆంత్వానెత్ తుయ్యే అనే భార్యాభర్తలు తమ ఇంటి ఆవరణలోనే తెర కట్టి సిపాయిలకు ఫొటోలు తీసేవారు. వాళ్ళ దగ్గర ఫొటో దిగినవాళ్ళలో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారు. ఆ గాజు పలకలు సుమారు 4,000 అటక మీద పెట్టెల్లో ఉండిపోయి 2011లో బయటపడ్డాయి. ముఖాలు చక్కగా ఉన్నాయి. కానీ చాలామంది పేర్లు తెలియలేదు. అటక మీద దొరికిన ఫొటోల గతి అలా ఉంటే, మన గోడ మీద ఉన్న ఫొటోకీ అదే గతి పట్టనివ్వడం న్యాయమేనా, చెప్పండి?

అందుకని ముందు ఫొటోను బాగా చూడండి. జబ్బ మీద వి ఆకారపు పట్టీ ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. భుజం మీద లోహపు అక్షరాలుంటే అవి పటాలం పేరు చెబుతాయి. అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసి ఉంటే ఆయన అప్పుడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి జాబితాలో పేరు వెతకవచ్చు. ఇంటర్నెట్‌లో ఉచితమే, పిల్లల్ని అడిగితే చూసిపెడతారు.

ఇక జాగ్రత్తలు. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి, ముఖం ఊడి అద్దానికే ఉండిపోతుంది. అలాగే ఉంచి, అద్దం మీదుగానే కాపీ తీయించండి. తడిగుడ్డతో ఫొటోను తుడవకండి. బొట్టు పెట్టాలంటే అద్దం మీదనే, నీళ్ళు ఫ్రేములోకి దిగకుండా పెట్టండి. దీపం పొగ తగిలే చోట, ఎండ పడే చోట, వానకు చెమ్మెక్కే గోడకు తగిలించవద్దు. చిరిగిందని సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. కొత్తగా ఫ్రేము కట్టిస్తే అద్దానికీ ఫొటోకీ మధ్య కాస్త ఎడం ఉండేలా చుట్టూ అట్ట పెట్టమనండి. ఫ్లాష్ లేకుండా, నీడపట్టున సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసి తోడబుట్టినవాళ్ళందరికీ పంపండి. ఇంట్లో ఒక్కటే ఉంటే చెదలకో, వానకో పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వెనకాల పేరు రాయడం. బాల్‌పెన్ వద్దు, మెత్తటి పెన్సిలుతో అంచున, నొక్కకుండా రాయండి. పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం, ఆయన మీకేమవుతారో. తెలిసినంతే రాయండి, ఊహించి రాయవద్దు.

2025 మే నెలలో మన గోరంట్ల మండలం కల్లితండా జవాను మురళీనాయక్ సరిహద్దు కాల్పుల్లో అమరుడయ్యాడు. యూనిఫాంలో ఉన్న ఆయన ఫొటో చూడగానే ఈ రోజు పేరు చెప్పనివారు లేరు. 1944లో ఫొటో దిగినాయన పేరు కూడా ఆ రోజు ఊరంతటికీ తెలిసిందే! తర్వాత చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

మీ ఇంట్లో ఆ పేరు తెలిసిన అత్తో, అవ్వో, మేనత్తో ఇంకా ఉన్నారా? అయితే ఈ ఆదివారమే పటం దించి ఆమె పక్కన కూర్చోండి. ఆమె చెప్తుంటే మీరు రాసుకోండి.