ఒక్క పియర్, ఇంతమంది ట్రాంబ్లేలు!

మీ ఫోన్‌లో ఎంతమంది శ్రీనులు ఉన్నారు? కాలేజీ శ్రీను, జిమ్ శ్రీను, మెకానిక్ శ్రీను... ఏదో ఒక తోక తగిలిస్తే తప్ప ఎవరెవరో తెలీదు కదా! కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో ఇదే తంటా ఇంటిపేరుతో. అక్కడ అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ట్రాంబ్లే. సుమారు వందమందిలో ఒకరిది అదే. సాగ్నే ప్రాంతానికి వెళ్తే ఇంకా చాలా ఎక్కువ.

పేరు పుట్టింది ఫ్రాన్స్‌లో. ఆస్పెన్ చెట్టుని ఫ్రెంచ్‌లో 'ట్రాంబ్ల్' అంటారు, అంటే వణికేది. మన రావి ఆకుల్లాగే దాని ఆకులూ చిన్న గాలికే కదిలిపోతాయి. ఆ చెట్ల తోపున్న చోటు ట్రాంబ్లే. అక్కడివాళ్ల ఇంటిపేరూ అదే అయింది. మనకి తుమ్మల వారున్నట్టే.

రాందొనే అనే ఊరి నుంచి పియర్ ట్రాంబ్లే అనే కుర్రాడు 1647లో కూలి ఒప్పందం మీద ఓడెక్కి క్యూబెక్ వచ్చాడు. 1657లో ఓజాన్ ఆషోన్‌ని పెళ్లాడాడు. 12 మంది పిల్లలు! వాళ్లలో నలుగురు కొడుకులు పెళ్లిళ్లు చేసుకుని పేరుని ముందుకు నడిపారు. ఇవాళ ఉత్తర అమెరికాలో ఉన్న ట్రాంబ్లేలు దాదాపు అందరూ ఈ జంట వారసులే. (పాపం, ఓజాన్ ఇంటిపేరు పిల్లలెవరికీ రాలేదు. క్యూబెక్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారకూడదనే చట్టం 1981లో గానీ రాలేదు మరి.)

1838లో లా మల్బే నుంచి 21 మంది వాటాదారులు కలిసి కలప కోసం సాగ్నే అడవుల్లోకి మనుషుల్ని పంపారు. వాళ్లకి పెద్ద అలెక్సీ ట్రాంబ్లే. ఆయన్ని అందరూ 'పికొతే' అనేవారు, అంటే మచ్చలవాడు. జిమ్ శ్రీను టైపే!

అసలు సంగతి ఇక్కడుంది. కొద్ది కుటుంబాలు, ఇంటినిండా పిల్లలు, బయటివాళ్ల రాక తక్కువ. దాంతో అరుదైన కొన్ని జీన్స్ అక్కడ బాగా పెరిగిపోయాయి. టైరోసినీమియా అని లివర్‌ని తినేసే జబ్బు ఉంది. మిగతా ప్రపంచంలో సుమారు లక్ష మందిలో ఒక బిడ్డకి వస్తుంది. సాగ్నేలో సుమారు 1,850 మందిలో ఒకరికి! ఆ జీన్ మోస్తున్నవాళ్లు దాదాపు ఇరవైమందికి ఒకరు.

"దగ్గరి చుట్టాల్నే చేసుకుంటారు, అందుకే" అని బయటివాళ్లు చాలాకాలం ఎగతాళి చేశారు. అది తప్పు. 1970ల నుంచి పరిశోధకులు చర్చి రికార్డుల్లోని పెళ్లిళ్లు, బాప్తిస్మాలు కంప్యూటర్‌కెక్కించి తరాలను కలిపి చూశారు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు అక్కడేమీ విపరీతంగా లేవు. మొదట వచ్చిన కొద్దిమంది జీన్సే అందరిలోకీ పాకాయి. పైగా పేరు తండ్రి నుంచే వచ్చింది, జీన్స్ ఇద్దరి నుంచీ వస్తాయి. కాబట్టి ట్రాంబ్లే అన్న అబ్బాయికి ఆ జీన్ లేకపోవచ్చు. ఇంకో ఇంటిపేరున్న పక్కింటమ్మాయికి ఉండొచ్చు. పేరు చూసి భయపడి లాభం లేదు, రక్తం చూడాలి.

అదే చేస్తున్నారు. పిల్లల్ని కనాలనుకునే అక్కడి జంటలకి ఆ జీన్ ఉందో లేదో ఉచితంగా పరీక్షిస్తారు. పుట్టిన ప్రతి బిడ్డకీ టైరోసినీమియా టెస్ట్ ఉంటుంది. జబ్బుందని తేలితే నిటిసినోన్ అనే మందు మొదలుపెడతారు. నమ్ముతారా, అది కలుపు మందుల పరిశోధనలో దొరికింది! 1990లలో అది వచ్చేదాకా, లివర్ మార్చకపోతే చాలామంది పిల్లలు చిన్నప్పుడే పోయేవారు. ఇప్పుడు వాళ్లు కాలేజీలకి వెళ్తున్నారు.