మిగిలినవాళ్ల పని

1911 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానంలో 1 కోటి 33 లక్షల మందికి పైగా ఉన్నారు. పదేళ్ల తర్వాత, 1921లో మళ్లీ లెక్క తీస్తే 1 కోటి 24 లక్షల మంది తేలారు. పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. ఆ పదేళ్లలో ప్లేగు వచ్చింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది, ఆ ఏడే వానలు మొహం చాటేశాయి. కలరాను మన పల్లెల్లో గత్తర అన్నారు. పుట్టిన తేదీలు రాసిపెట్టుకోని కాలంలో ముసలమ్మలు గత్తరొచ్చిన ఏడు పుట్టిండని మనవడి వయసు చెప్పేవారు. ప్లేగుతో ఎలుకలు రాలడం మొదలైతే చాలు, ఊరికి ఊరే ఇళ్లకు తాళాలు పెట్టి చేలల్లో గుడిసెలు వేసుకునేది, నెలల తరబడి అక్కడే వండుకు తినేది. ఇంత అనుభవం మన తాతలది. మరి ఆ గుడిసెలు పీకేసి జనం ఇళ్లకు తిరిగొచ్చిన రోజు మీద మనకు ఎన్ని కథలున్నాయి? ఎవరి వాకిలి ఎవరు ఊడ్చారు, దిక్కులేని పొలం ఎవరు దున్నారు, తల్లీతండ్రీ పోయిన పిల్లను ఎవరు సాకారు, పోయినవాడి అప్పు ఎవరి నెత్తిన పడింది? అమ్మవారికి మొక్కుకున్నాం, బోనం ఎత్తాం. 1813లో జంటనగరాల్లో కలరా పెచ్చుమీరినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకున్న మొక్కే సికింద్రాబాద్ మహంకాళి గుడి అయిందని చెప్పుకుంటాం. మొక్కు తీరిందని తెలుసు. తీరిన మర్నాటి నుంచి బతుకు ఎలా నడిచిందో తెలియజెప్పే రాత మాత్రం చాలా తక్కువ.

ఈ ప్రశ్నను మా ముందు పెట్టింది ఒక పాత ఇంగ్లిష్ టీవీ ధారావాహిక. దాని పేరు 'సర్వైవర్స్'. బీబీసీలో 1975 ఏప్రిల్ 16న మొదలై 1977 జూన్‌లో ముగిసింది. మూడు విడతలు, 38 భాగాలు. దానికి ఊపిరి పోసినవాడు టెర్రీ నేషన్, 'డాక్టర్ హూ'కు డాలెక్కులను ఇచ్చిన రచయిత. జబ్బు కథ టైటిళ్లలోనే అయిపోతుంది. ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త చేతిలోంచి గాజు పాత్ర జారి పగులుతుంది, ఆయన విమానం ఎక్కుతాడు, పాస్‌పోర్టు మీద ఒక్కో ఊరి ముద్ర పడుతూ పోతుంది. మొదటి భాగం ముగిసేసరికి లోకం ఖాళీ. మిగతా 37 భాగాలూ మిగిలినవాళ్లవే. అప్పటికి హైదరాబాద్‌కు టీవీ రాలేదు. సైట్ ప్రయోగం కింద 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన పల్లెలు కొన్ని ఉపగ్రహం ద్వారా తెలుగు కార్యక్రమాలు చూశాయి. నగరంలో దూరదర్శన్ 1977లో మొదలైంది, అంటే అక్కడ ఆ ధారావాహిక ముగిసిన ఏడాదే. మూసారాంబాగ్‌లో టీవీ టవర్ దగ్గర బస్సు దిగే మన పెద్దవాళ్లెవరూ దాన్ని అప్పట్లో చూసి ఉండరు. ఆలస్యంగా చూసినా మనకు నష్టమేమీ లేదు. 2020 కరోనాను దాటి వచ్చినవాళ్లకు అందులో కనిపించేది యాభై ఏళ్ల కిందటివాళ్లకు కనిపించి ఉండదు.

ఆబీ గ్రాంట్ అనే నడివయసు ఇల్లాలు జ్వరం నుంచి లేచేసరికి భర్త చనిపోయి ఉంటాడు. ఆమె హాస్టల్లో చదివే కొడుకును వెతుక్కుంటూ బయల్దేరుతుంది. బడిలో పిల్లాడు ఉండడు, ఒక ముసలి మాస్టారు ఉంటాడు. ఆయన ఆమెను ఓదార్చడు. దుకాణాల్లో సరుకు అయిపోయాక ఏం చేస్తావని అడుగుతాడు. మన చేతిలో ఉన్న ఏ చిన్న వస్తువునైనా మొదటి నుంచి చివరి దాకా ఒంటిచేత్తో తయారుచేయగల మనిషి ఎవరైనా ఉన్నారా అన్నది ఆయన బాధ. ఆమె ఇంటికి తిరిగొచ్చి, జుట్టు కత్తిరించుకుని, శవం ఉండగానే ఇంటికి నిప్పు పెట్టి వెళ్లిపోతుంది. ధారావాహిక మొత్తం ఆ మాస్టారి ప్రశ్న మీదే నిలబడింది. ఉప్పు ఎక్కడ దొరుకుతుంది, సబ్బు ఎలా కాస్తారు, విత్తనం ఎవరి దగ్గరుంది, కాన్పు ఎవరు చేస్తారు? 2008లో బీబీసీయే దీన్ని మళ్లీ తీసింది. అందులో ప్రయోగశాలలు, రహస్య కుట్రలు ముందుకొచ్చాయి. మా మట్టుకు మాకు పాతదే మేలు. కుట్ర ఎవరిదో తెలిసినంత మాత్రాన పొయ్యి మీద ఎసరు మరగదు.

ఆ మాస్టారి ప్రశ్న 2020లో మూసారాంబాగ్ గల్లీల్లోకి ఇంకో దారిన వచ్చింది. టీవీ టవర్ వెనక గల్లీలో ఒక జాకెట్లు కుట్టే ఆమె, షట్టర్ సగం దించుకుని మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డకు కొరత లేదు. పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి గనక టూ బై టూ ముక్కలు, లైనింగ్ గుడ్డ సంచుల కొద్దీ ఉన్నాయి. అయిపోయింది ఎలాస్టిక్. బేగంబజార్ మూతపడింది, ఆ సన్నటి తెల్ల ఎలాస్టిక్ ఎక్కడా దొరకలేదు. ఆమె లైనింగ్ గుడ్డను ఏటవాలుగా కత్తిరించి, నాడాల్లా మడిచి కుట్టి, మాస్కుకు నాలుగు మూలలా నాలుగు తాళ్లు వేసింది. ఏటవాలు కోతైతే గుడ్డ కొంచెం సాగుతుంది, తల వెనక ముడి వేసినా చెవి లాగదు. ఈ సంగతి మెడపట్టీలు కుట్టి కుట్టి ఆమె చేతికి వచ్చిన జ్ఞానం. అది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. ఆ వారం ఆ గల్లీలో పాలు పోసేవాడి మొహానికీ, చెత్తబండి నడిపే అమ్మాయి మొహానికీ ఉన్నవి ఆ మాస్కులే.

ఆ గల్లీకి నాలుగడుగుల దూరంలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు. మార్చి 25న లాక్‌డౌన్ మొదలవగానే హాస్టళ్లు మూసేస్తున్నారని గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం దొరికినవాళ్లు బైకుల మీద బయల్దేరితే రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఆంగ్ల కథలో జెన్నీ రిచర్డ్స్ అనే అమ్మాయి శవాల మధ్య లండన్ విడిచి పారిపోతుంది. మన పిల్లల్ని నగరం నుంచి తరిమింది మూతపడిన మెస్. రాజ్యాంగంలోని అధికరణాలు నోటికి అప్పజెప్పగల కుర్రవాడికి గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పొయ్యాలో తెలియదు. పోలేక ఉండిపోయినవాళ్లు అమ్మకు ఫోన్ చేసి, ఫోన్ గోడకు ఆనించి పెట్టుకుని అన్నం వండుకున్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఆ రోజుల మీద నవల రాయాలని మేం ఇంకా ఎదురుచూస్తున్నాం.

'సర్వైవర్స్'లో మమ్మల్ని నిద్రపోనివ్వని భాగం 1975 జూన్‌లో వచ్చిన 'లా అండ్ ఆర్డర్'. ఆబీ చుట్టూ చేరిన చిన్న సమూహం పని చేసి చేసి అలిసి ఒక రాత్రి పండగ చేసుకుంటుంది. తెల్లారేసరికి ఒక అమ్మాయి హత్యకు గురై ఉంటుంది. అనుమానం బార్నీ మీదికి పోతుంది. బార్నీకి బుద్ధి వయసుకు తగ్గట్టు ఎదగలేదు, తన తరఫున నాలుగు మాటలు చెప్పుకోలేడు. మంచివాళ్లనుకున్న మనుషులంతా వంటింటి బల్ల చుట్టూ కూర్చుని విచారణ జరిపి, ఓట్లు వేస్తారు. వెళ్లగొట్టడమా, చంపడమా? ఓట్లు సమానంగా వస్తే ఆబీ ఓటే తేలుస్తుంది, చావువైపు. ఎవరు కాల్చాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు. ఆబీతో కలిసి సమూహాన్ని నడిపే గ్రెగ్ వంతు వస్తుంది, కాలుస్తాడు. తర్వాత అసలు హంతకుడు టామ్ ప్రైస్ తానే చేశానని ఒప్పుకుంటాడు. అప్పుడు ఆబీ, గ్రెగ్ తీసుకున్న నిర్ణయం బార్నీ చావుకన్నా భయంకరం. ప్రైస్ రెండు చేతులూ పనికి కావాలి, నిజం తెలిస్తే సమూహం చెదిరిపోతుంది, కాబట్టి నోరు మూసుకుందాం. మరుసటి ఉదయం అందరూ పనిలోకి దిగుతారు.

మహమ్మారి మీద వచ్చిన ఏ కథలోనైనా ఇంత చేదు నిజం మేం చూడలేదు. ఆ భాగం వచ్చిన నెలలోనే, 25న, ఇక్కడ ఎమర్జెన్సీ వచ్చింది. క్రమశిక్షణ కోసం నిజాన్ని కాసేపు పక్కన పెడదామన్న మాట మనమూ విన్నాం. ఈ రెంటికీ సంబంధం లేదు, కానీ ఆ మాట రెండు చోట్లా ఒకే గొంతుతో పలికింది.

ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. అబద్ధాలకోరు, హంతకుడు టామ్ ప్రైస్ ఊళ్లు పట్టి తిరిగే పేదవాడు. ఆహారమంతా గుప్పిట్లో పెట్టుకుని ఎదురుతిరిగినవాడిని కాల్చిచంపే వార్మ్‌లీ కార్మిక సంఘం నాయకుడు. నిర్ణయాలు చేసేది పెద్ద ఇళ్లలో పుట్టినవాళ్లు. 1974లో బొగ్గు గని కార్మికుల ఆందోళనతో కరెంటు పొదుపుకు వారానికి మూడు రోజులే ఫ్యాక్టరీలు నడిపిన బ్రిటన్‌లో, మధ్యతరగతి మనసులో గూడుకట్టుకున్న భయం ఈ పాత్రల్లోకి దిగింది. చేతిపని గొప్పదని 38 భాగాల పాటు చెప్పిన కథ, చేతిపని తెలిసిన మనిషిని మాత్రం పూర్తిగా నమ్మలేకపోయింది.

ఆ అపనమ్మకం మనకు కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లో మలక్‌పేట, సలీంనగర్, మూసారాంబాగ్ లాంటి, పక్కపక్క గోడలతో తరతరాలుగా కలిసి బతికిన బస్తీల్లో కూడా తోపుడుబండి మీద కూరగాయలు తెచ్చినవాడి పేరు అడిగి కొన్నవాళ్లున్నారు. పేరు విని తలుపు వేసుకున్నవాళ్లున్నారు. ముస్లింల మత సమావేశంతో కరోనా పాకిందంటూ ఢిల్లీ మర్కజ్ వార్తలు టీవీల్లో రాత్రింబవళ్లు మోగుతున్న రోజులవి. డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సును ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్లూ ఉన్నారు. ఆ బండివాడు ఇప్పుడూ అదే గల్లీలోకి వస్తాడు. తలుపు వేసుకున్న ఇల్లాలే బేరమాడి సొరకాయ కొంటుంది, అతనూ కొసరు కొత్తిమీర వేస్తాడు. ఇద్దరికీ ఆ రోజు గుర్తుంది, ఇద్దరూ ఎత్తరు. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ మౌనం మీద ఒక్క మంచి కథ వస్తే, కరోనా మీద వచ్చిన కవితా సంకలనాలు అరడజను పక్కన పెట్టేస్తాం. ఆ కవిత్వాన్ని తక్కువ చేయడం లేదు. దారుల వెంట నడిచిన కూలీల కాళ్ల మీద మన కవులు గుండె కరిగేలా రాశారు. కానీ అదంతా నడిచినన్నాళ్ల కవిత్వం. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వలస కూలీల మొదటి శ్రామిక్ రైలు వెళ్లింది, సుమారు 1,200 మందితో. వాళ్లలో తిరిగొచ్చి ఎల్బీనగర్ అపార్టుమెంట్లకు మళ్లీ సెంట్రింగ్ కొట్టినవాళ్లు ఏం తలుచుకుంటూ కొట్టారు? ఆ పుటలు ఖాళీగా ఉన్నాయి.

ధారావాహిక చివరి భాగం పేరు 'పవర్'. స్కాట్లండ్‌లో జలవిద్యుత్ కేంద్రాన్ని మళ్లీ నడిపించే ప్రయత్నంతో కథ ముగుస్తుంది. మూడేళ్ల కొవ్వొత్తుల తర్వాత బల్బు. దీన్ని చూస్తున్నప్పుడు 2020 ఏప్రిల్ 5 రాత్రి గుర్తొచ్చింది. తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు దేశమంతా లైట్లు ఆర్పి దీపాలు పెట్టింది. ఆ కాసేపట్లో దేశవ్యాప్త వాడకం సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది, మళ్లీ నిమిషాల్లో పైకి లేచింది. అంత పెద్ద కుదుపుకు గ్రిడ్ కుప్పకూలే ప్రమాదం ఉంది. బొగ్గు కేంద్రాలు అంత తొందరగా తగ్గవు, పెరగవు. నీటి గేట్లు మాత్రం వెంటనే మాట వింటాయి. అందుకే ఇంజనీర్లు ముందుగానే జలవిద్యుత్ కేంద్రాలను సిద్ధంగా ఉంచి, వాటిని దించి లేపి గ్రిడ్‌ను నిలబెట్టారు. మనం మేడల మీద దీపాలు పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే, కంట్రోల్ రూముల్లో ఎవరో ఫ్రీక్వెన్సీ అంకె మీద కళ్లు పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దీపాల మీద బోలెడు కవితలు అచ్చయ్యాయి. ఆ అంకెను చూస్తూ కూర్చున్న మనిషి మన సాహిత్యంలోకి ఇంకా రాలేదు.

మళ్లీ 1911–21 నాటి ఆ పదేళ్ల దగ్గరికి వస్తే, తొమ్మిది లక్షల మంది తగ్గిన కాలంలోనే ఈ నగరం ఏం చేసిందో చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ కట్టారు, అది 1920లో పూర్తయింది. నగరాభివృద్ధి మండలి వచ్చి ఇరుకు బస్తీల మధ్య వెడల్పాటి వీధులు తీసింది. ఇన్‌ఫ్లుయెంజా ఇంటింటా పాడెలు కట్టించిన 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. 1921లో ఆంధ్ర జన సంఘం పుట్టింది. అంటు జబ్బుల కోసం కట్టిన కోరంటి దవాఖానా ఇప్పటికీ నల్లకుంటలో జ్వరం వచ్చినవాళ్లను చూస్తూనే ఉంది. సంస్థల చరిత్ర మనకు దొరుకుతుంది, పునాది రాళ్ల మీద పేర్లున్నాయి. ఆ రాళ్లు మోసిన వడ్డెరల ఇంట్లో ఆ ఏడు ఎంతమంది మిగిలారో, మిగిలినవాళ్లు ఏం తిని పనికొచ్చారో ఎవరూ రాసిపెట్టలేదు. వందేళ్ల తర్వాత మనల్ని చదివేవాళ్లకు కూడా అలాగే ప్రారంభోత్సవాల తేదీలు మాత్రమే దొరికితే, ఆ తప్పు పత్రికలు నడిపే మాది, రాసే మీది.

అందుకని ఒక విన్నపం. కరోనా మీద ఇంకా రాయడమేమిటి, పాతబడిన వస్తువు కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. మేం అలా అనుకోవడం లేదు. జబ్బు పాతబడింది, మిగలడం ఇప్పుడే మొదలైంది. తండ్రి పోయాక కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పదిహేనేళ్ల పిల్ల, బడి మూతపడ్డ రెండేళ్లలో అక్షరాలు మర్చిపోయి ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాడు, ముక్కూ మొహం తెలియని శవాలను బన్సీలాల్‌పేటకో, ఇంకో శ్మశానానికో చేర్చిన అంబులెన్స్ డ్రైవరు, కొత్తపేట నుంచి పండ్ల మార్కెట్ ఊరి బయటికి పోయాక ఉపాధి కోల్పోయిన హమాలీ. వీళ్ల కథలు కావాలి. మూసారాంబాగ్, సరూర్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ముందుగా రాయండి, రాసినవి రాసినట్టే పంపండి. భాష సరిచేసే పని మాది. కలం పట్టే అలవాటు లేనివాళ్లు ఒక మాట కబురు చేస్తే మేమే వచ్చి కూర్చుని వింటాం, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాం, అచ్చుకు ముందు మీకే చదివి వినిపిస్తాం.