ఒక బడిలో పెక్కు దేశములు

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి జల్లులు పడు దినములలోనే మన పాఠశాలల తలుపులు తెఱచుకొనును. క్రొత్త పుస్తకముల వాసన, క్రొత్త తరగతి గది, క్రిందటి యేడు ప్రక్కన కూర్చున్నవాడు ఈ యేడును ప్రక్కనే కూర్చుండునో లేదో యను బెంగ, ఇవి మీకు నేను చెప్పవలసిన సంగతులు కావు. ఐరోపా ఖండమున నీ సందడి ఆగస్టు నెల చివర మొదలగును. స్విట్జర్లాండు దేశమునందలి జెనీవా నగరమున, ద్రాక్షతోటలు పంటకు వచ్చు వేళ బాలబాలికలు బడికి మరలుదురు. ఆ నగరమున నూఱేండ్లు దాటిన యొక పాఠశాల కలదు. దానిని గూర్చి కొంత చెప్పి, అందు మనము గ్రహింపదగిన దేదియో, గ్రహింప నక్కఱలేని దేదియో నాకు తోచినట్లు విన్నవించెదను.

ఇంత దూరపు బడి ముచ్చట మన కెందుకని మీ రడుగవచ్చును. ఈ నడుమ మన పట్టణములలో ‘ఇంటర్నేషనల్ స్కూల్’ అను పలక లేని పేట అరుదు. పలకపై భూగోళపు బొమ్మ యుండును. లోనికి పోయి చూతుమా, పిల్లలందఱును ఆ చుట్టుపట్ల నాలుగు వీథులవారే. నాలుగు వీథుల పిల్లలకు బడి యుండుట తప్పు కాదు. కాని యా పేరు ఎక్కడ, ఏ యవసరమున పుట్టినదో తెలిసినచో దాని బరువు మనకు తెలియును.

మొదటి ప్రపంచయుద్ధము 1918లో ముగిసెను. మరల నట్టి మారణహోమము జరుగరాదని దేశములు కూడి 1920లో నానాజాతి సమితిని నెలకొల్పినవి. జెనీవా దానికి నెలవయ్యెను. అంతర్జాతీయ కార్మిక సంస్థయు నచటనే వెలసెను. పలుదేశముల యుద్యోగులు భార్యాబిడ్డలతో నచటికి చేరిరి. వారి పిల్లల నే బడికి పంపవలెను? తమ దేశపు బడి అక్కడ లేదు. ఆ యూరి బడిలో నచటి భాషయే, అచటి చరిత్రయే. పైగా, పగలెల్ల శాంతిని గూర్చి చర్చించు తండ్రులు సాయంకాలము ఇంటికి వచ్చి, తమ బిడ్డలు ఇరుగుపొరుగు దేశములను ద్వేషించు పాఠములు చదువుచుండగా చూచి యెట్లు సహింపగలరు? ఈ చిక్కునుండి 1924 సెప్టెంబరులో జెనీవా అంతర్జాతీయ పాఠశాల పుట్టినది. అడాల్ఫ్ ఫెరియేర్ అను స్విట్జర్లాండు విద్యావేత్త దానికి అండగా నిలిచెను. ఆయన కుటుంబమునకు చెందిన కొయ్యయింటిలో ఎనిమిదిమంది పిల్లలతో బడి మొదలయ్యెను. మన పల్లెలలో అరుగుమీద మొదలైన బడు లెన్ని లేవు! అదియు నట్టిదే.

1926లో జవాహర్‌లాల్ నెహ్రూ భార్య చికిత్సకొఱకు జెనీవాకు పోయి యుండగా, ఎనిమిదేండ్ల ఇందిర కొంతకాల మీ పాఠశాలయందే చదివెను. అప్పటికి మన దేశము పరుల యేలుబడిలోనే యున్నది. అయినను నానాజాతి సమితిలో దానికి సభ్యత్వము మాత్రముండెను, అదియొక వింత! అలహాబాదు నుండి పోయిన యా బాలిక, స్వతంత్రదేశముల బిడ్డల నడుమ, పరాయి భాషలు వినబడు గదిలో మొదటి దినమున నేమి తలపోసెనో నేను చెప్పలేను. అటువంటి మొదటి దినము మాత్రము మీలో కొందఱికి తెలిసియే యుండును.

పెద్దలు కట్టిన సమితి రెండవ ప్రపంచయుద్ధము నాపలేక 1946లో రద్దయ్యెను. దానిని నమ్మి వచ్చినవారు పిల్లలకొఱకు పెట్టుకొన్న బడి మాత్రము నిలిచెను. నేడు మూడు ప్రాంగణములలో నాలుగువేలకు పైబడిన విద్యార్థులు, నూఱుకు మించిన దేశములవారు, అందు చదువుచున్నారు. ఫ్రెంచి, ఇంగ్లీషు అందలి బోధనభాషలు.

అచటి చదువు తీరు నా కన్నింటికంటె మెచ్చుదోచినది. 1929 నుండి 1949 వఱకు మరీ తెరేజ్ మోరెత్ అను నామె ఆ పాఠశాలకు అధిపతిగా నుండెను. భూగోళము నేర్పునపుడు తన దేశమునుండి గాక మొత్తము భూమినుండి మొదలిడవలెనని యామె పట్టు. గోడకు వ్రేలాడు పటముకంటె గోళమును, ధ్రువమును నడుమ నుంచి గీచిన పటములను ఆమె యెక్కువగా నమ్మెను. ఇందేమి విశేషమందురా? మీ తరగతి గోడమీది ప్రపంచపటమును చూడుడు. అది మెర్కేటర్ అను నాతడు 1569లో నావికులకొఱకు గీచిన పద్ధతిలోని దైనచో, గ్రీన్లాండు ఆఫ్రికాఖండ మంతటి దానివలె కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు. ఇక నొక గోళమును, ఒక దారపు ముక్కను తీసికొనుడు. మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా కాలిఫోర్నియాలో నున్నవి గదా. హైదరాబాదునుండి అచటి శాన్ ఫ్రాన్సిస్కోకు దారమును బిగించి పట్టుడు. గోడపటము చూచినవాడు దారము పసిఫిక్ సముద్రము మీదుగా పోవుననుకొనును. అది చైనా దాటి, సైబీరియా యుత్తరపు టంచున, మంచు పేరిన ధ్రువమండలమున ప్రవేశించి, అవతలి ప్రక్కకు దిగును. నేను మొదటిసారి యిట్లు చేసినపుడు దారము జాఱినదేమో యని రెండుమాఱులు సరిచూచుకొంటిని.

చరిత్ర విషయమునను ఆమె పద్ధతి యిట్టిదే. ఒక్కొక్క దేశపు కథను వేఱుగా నిలువున చదువుట గాక, ఒక్కొక్క కాలమును లోకమంతట అడ్డముగా కోసి చూడవలె ననుట. దీనిని మనకు తెలిసిన కాలముతో పరీక్షింతము. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యము చేసెను. ఆ యిరువది యేండ్లలో లోకమున నేమేమి జరిగినది? రోములో మైకెలాంజెలో ప్రార్థనామందిరపు పైకప్పున చిత్రములు వ్రాయుచుండెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. 1517లో జర్మనీలో లూథరు మతసంస్కరణకు పూనుకొనెను. 1519లో మెగెల్లాను ఓడలు బయలుదేరగా, వానిలో నొకటి భూమి చుట్టి 1522లో మరలి వచ్చెను. రాయలు రాయచూరు గెలిచినది 1520లో. ఆ మఱుసటి యేడే మెక్సికోలో ఆజ్‌టెక్‌ల రాజధాని స్పెయినువారికి చిక్కి నేలమట్టమయ్యెను. 1526లో బాబరు పానిపట్టున గెలిచెను. ఇన్నాళ్ళును రాయలను ఒంటరిగా సింహాసనముపై నుంచి చదివిన మనకు, అతని చుట్టును లోకమంతయు నొక్కసారిగా కదలి వచ్చినట్లుండును. రాయల కీర్తి యించుకయు తగ్గదు. మనము దినదినము తిను మిరపకాయయు ఆ కాలపు ఓడల పుణ్యమున అమెరికా ఖండములనుండి వచ్చినదే. ఆంధ్రుల యావకాయ కూడ అంతర్జాతీయమే యని నవ్వుకొనవచ్చును.

ఇట్టి బడిలో క్రొత్త సంవత్సరము మొదటి వారము చూడదగినది. నీ ఊరేది యని యడిగిన కొందఱు పిల్లలు వెంటనే బదులు చెప్పలేరు. తండ్రిది ఒక దేశము, తల్లిది మఱొకటి, పుట్టినది మూడవదానియందు, పెరుగుచున్నది నాలుగవదానియందు. ఇంటిభాష తప్ప వేఱు తెలియని బాలుడు వచ్చినచో నాతనిని క్రింది తరగతికి నెట్టరు. బడి భాషను దినమున కొన్ని గంటలు వేఱుగా నేర్పుచు, లెక్కలు, బొమ్మలు, సంగీతము, ఆటలు మాత్రము సమవయస్కులతోనే నేర్వనిత్తురు. భాష రానంత మాత్రాన బుద్ధి లేదని కాదు గదా. ఈ చిన్న మాటను నేను మఱచిన కథ ముందు చెప్పెదను.

ఆ బడులయందు లోపములు లేవా? కలవు. జీతములు సామాన్యులకు అందనంత యెక్కువ. పలుదేశముల పిల్లలు కూడియుందురు గాని, వారిలో పేదవారు బహు తక్కువ. నాలుగు వర్ణముల జెండాలు నెగిరిన చాలునా, నాలుగు తరగతుల బ్రతుకులు తెలియవలదా? మఱియు తండ్రుల ఉద్యోగములు మాఱుచుండుటచే ప్రతి సంవత్సరారంభమున కొన్ని బల్లలు ఖాళీ. నిరుడు ప్రాణమిత్రుడైనవాడు ఈ యేడు వేఱొక ఖండమున నుండును. ఆ పిల్లలు స్నేహము చేయుట ఎంత త్వరగా నేర్తురో వీడ్కోలు చెప్పుటయు నంత త్వరగానే నేర్తురు. ఇది మంచి విద్య యని నే ననజాలను.

భాషను గూర్చి యొక మాట చెప్పకున్న తెలుగు పండితుడనై యుండి తప్పు చేసినవాడ నగుదును. దేశమునకొక పరీక్ష యుండుటచే, దేశములు మాఱు పిల్లల చదువు చెడుచున్నదని తలచి, 1968లో జెనీవాయందే ‘ఇంటర్నేషనల్ బకలారియెట్’ అను పరీక్షాసంస్థను స్థాపించిరి. ఆ పాఠశాల యుపాధ్యాయులు దానికి ఎంతయో పాటుపడిరి. ఆ డిప్లొమాకు చదువువారు తాము బాగుగ నెఱిగిన భాషలోని సాహిత్యమును, దానితోపాటు మఱొక భాషను చదువవలెను. తన కిష్టమైన యంశముపై 4,000 మాటలకు మించని వ్యాసము నొకటి స్వయముగా పరిశోధించి వ్రాయవలెను. బడిలో బోధింపని మాతృభాష యైనను, తగిన యనుమతితో విద్యార్థి దాని సాహిత్యమును తానుగా చదివి పరీక్ష కెక్కు మార్గము నందు కలదు. చూచితిరా! అంతర్జాతీయ విద్య పుట్టిన చోట మాతృభాషకు పీట వేసిరి. మన దగ్గఱ ఆ పలక తగిలించుకొన్న కొన్ని బడులలో తెలుగు మాటాడిన పిల్లవానికి జరిమానా విధింతురు. నేను ఇంగ్లీషును వలదనువాడను గాను. అది బాగుగ నేర్వుడు. కాని తన యింటి దీపమార్పి పొరుగింటి వెలుతురున కూర్చుండుటను జెనీవావారు కూడ విద్య యనలేదు.

ఇక నా తప్పు చెప్పెదను. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న యొక పల్లెబడికి ఒక జూన్ మాసమున క్రొత్త బాలుడు వచ్చెను. తండ్రి ఒడిశానుండి వచ్చి ధాన్యపు మిల్లులో కూలిపని చేయుచుండెను. పిల్లవానికి తెలుగు ముక్క రాదు. వయస్సును బట్టి ఎనిమిదవ తరగతి. నేను వానిని ఆఱవ తరగతిలో కూర్చుండబెట్టితిని. భాష రానివాడు పై తరగతిలో నేమి చేయునని నా వాదము. వాడు రెండు వారములు కడపటి బల్లపై మాటలేక కూర్చుండెను. పిల్లలు వానిని ‘మూగి’ యనసాగిరి. అది విని మందలించితినే గాని, ఆ పేరు పెట్టుటకు దారి చూపినవాడను నేనే యని నా కప్పుడు తట్టలేదు.

ఒకనాడు లెక్కల మాస్టరు రానందున నేనే ఆఱవ తరగతికి పోయి నల్లబల్లపై భాగహారము నొకటి వేసితిని. వాడు లేచి వచ్చి, సుద్దముక్క తీసికొని, ఒరియా అంకెలతో క్షణములో చేసి చూపెను. తరగతి గొల్లుమనెను. వాడు తల వంచుకొనెను. నేను బల్లవైపు చూచితిని. రెండు, మూడు అంకెలు మన తెలుగు అంకెలవలెనే యున్నవి. ఒరియా లిపియు మనదివలె గుండ్రనిది. ఇరుజాతుల పెద్దలును తాటియాకులపై గంటముతో వ్రాసినవారే. నే నా యంకెల ప్రక్కన తెలుగు అంకెలు వరుసగా వ్రాసితిని. అంతట ముందు వరుసలోని పిల్ల యొకతె, “మనకు కూడ వేఱు అంకెలు ఉన్నవా, మాస్టారూ?” అని యడిగెను. తరగతిలో నొక్కరికిని అవి తెలియవు. వారు ఇంగ్లీషు అంకెలని పిలుచు 1, 2, 3 సైతము మన దేశముననే పుట్టి అరబ్బుల చేతులమీదుగా ఐరోపాకు పోయినవని కూడ తెలియదు. మూగివాడని నవ్విన పిల్లలు ఆ దినమున తమ అంకెలు తాము నేర్చుకొనిరి. అది వాడు వచ్చుటచేతనే.

మఱునాడు వానిని ఎనిమిదవ తరగతికి పంపితిని. లెక్కలలో వానిప్రక్కన కూర్చుండుటకు ఇద్దఱు పోటీపడిరి. వారిలో నొకడు వానికి తెలుగు నేర్పెను, తాను కొంత ఒరియా నేర్చెను. ఒడిశా భాషలో నీళ్ళను ‘పాణి’ యందురని బడియంతయు చెప్పుకొనిరి. సంక్రాంతికి ముందే ఆ కుటుంబము మఱియొక మిల్లునకు తరలిపోయెను. వాడు వెళ్ళిన సంగతి మాకు రెండు దినముల తరువాత తెలిసెను. రెండువిధముల అంకెలను ఎదురెదురుగా వ్రాసి పిల్లలు తరగతి గోడ కంటించిన కాగితము, ఆ వేసవిలో బడికి సున్నము వేయువఱకు నచటనే యుండెను.